అన్నయ్య దగ్గర వణకని బండి

శ్రీవారికి,

నమస్కారాలు. ఇక్కడ అత్తయ్యగారు, మన చిన్నది, నేను అందరం కులాసా. అక్కడ వంతెన పనిలో మీరూ కులాసాగా ఉండాలని రెండు పూటలా దేవుణ్ణి వేడుకుంటున్నాను. రెండు కాగితాలు చింపేసి ఇది మూడోది పట్టుకున్నాను. ఫోనులో మీ గొంతు వింటే నాకు నోరు పెగలదు. అందుకే ఉత్తరం.

మీరడిగినవి ముందు చెబుతాను. అత్తయ్యగారి దగ్గు తగ్గింది. మందు సీసా చూస్తే మాత్రం గోడవైపు తిరిగి నిద్ర నటిస్తారు. చిన్నదానికి కుట్టుపని బాగానే అబ్బింది. మీ పాత చొక్కా చేతులు కత్తిరించి నాకు లాండ్రీలో కట్టుకోవడానికి ఏప్రాన్ కుట్టింది. కోప్పడకండి.

ఇక మన లాండ్రీ వ్యాను బండి సంగతి. పొద్దున్నే ఎన్నిసార్లు తిప్పితే స్టార్ట్ అవుతోందని అడిగారు. మొన్నటిదాకా ఆరేడుసార్లు. మీరు నేర్పినట్టే చోక్ పిడి బయటికి లాగి తాళం తిప్పుతున్నాను. ఇంజను కాస్త వేడెక్కగానే పిడి లోపలికి నెట్టేస్తున్నాను. వేడెక్కాక వణుకు తగ్గుతోందా అన్నారు. లేదు, అప్పుడే ఇంకా ఎక్కువ. ఎక్కడ ఆపినా గడగడలాడిపోయేది. ప్లగ్గులు మసిపట్టి నల్లగా ఉండేవి. క్యాబిన్ అంతా పెట్రోలు వాసన. దుప్పట్ల మూటలు దింపడానికి వెళ్తే ఆసుపత్రి కాపలాదారు, "ఏంటమ్మా, బండికి చలిజ్వరమా? లోపలికి తోలండి, మంచం ఇప్పిస్తా" అని నవ్వాడు. ఆ గేటు ముందే రెండుసార్లు ఆగిపోయింది.

మెకానిక్ అన్నయ్య నాలుగుసార్లు చూశాడని రాశాను కదా. బ్యాటరీ చూశాడు, ప్లగ్గులు తుడిచాడు, గాలి ఫిల్టరు మార్చాడు, గొట్టాలు ఒక్కొక్కటీ తడిమాడు. ఆయన ఎక్కి కూర్చుంటే మాత్రం బండి పిల్లిలా గుర్రుమంటూ నిలబడేది. "నన్ను చూస్తే దీనికి భయమేమో చెల్లెమ్మా" అనేవాడు. మర్నాడు నేను ఎక్కితే మళ్ళీ అదే వణుకు. అక్కడే నా బుద్ధి గడ్డి తిన్నది. మంచి సామాను తీసేసి పాతది బిగిస్తున్నాడని మీకు రాశాను. అనుమానంగా ఉందని కాదు, బిగిస్తున్నాడనే రాశాను. మీరు ఆయనకు ఫోను చేసి, ఇక నా బండి మీద చెయ్యి వెయ్యొద్దన్నారట. మీ ఇద్దరిదీ ముప్పై ఏళ్ళ స్నేహం. ఆ రోజు నుంచి ఆయన మన వీధి తప్పించి తిరిగి వెళ్తున్నాడు.

మంగళవారం ఆసుపత్రి గేటు తెరవడం ఆలస్యమైంది. ఇంజను ఆపితే మళ్ళీ అందుకోదని భయపడి, అలాగే ఉంచి, ప్రార్థన చదువుకుందామని నా గుడ్డసంచి తీశాను. ప్రార్థన పుస్తకం, కళ్ళజోడు, లాండ్రీ తాళాల గుత్తి అన్నీ దానిలోనే ఉంటాయి. మీరు వెళ్ళాక దాన్ని స్టీరింగు పక్కన కిందికి వంగి ఉన్న నల్ల పిడికి తగిలించడం అలవాటైంది. దేవుడు పక్కన ఉంటే ధైర్యంగా ఉంటుందని. తీరా చూస్తే ఆ పిడి రెండు వేళ్ళ మేర బయటికి జారి ఉంది. లోపలికి నెట్టాను. వణుకు ఆగిపోయింది. నమ్మకం కుదరక సంచి మళ్ళీ తగిలించాను. కాసేపటికి పిడి జారింది, గడగడ మొదలైంది. మూడుసార్లు చేసి చూశాను.

అది రోజూ పొద్దున నేను లాగి నెట్టే చోక్ పిడే అండీ. నేను నెట్టేసినా నా సంచి బరువుకు మళ్ళీ జారిపోయేది. ఇన్నాళ్ళూ బండి పెట్రోలు ఎక్కువై ఉక్కిరిబిక్కిరి అయింది. నేను ఇంకొకరి చేతిని దొంగ చెయ్యి అన్నాను.

నిన్న అన్నయ్య షెడ్డుకి వెళ్ళి అంతా చెప్పాను. మీకు ఏమని రాశానో అదీ దాచలేదు. ఆయన నెత్తి కొట్టుకున్నాడు.

"అయ్యో, ఆ సంచా! గ్రీజు చేతుల్తో దేవుడి పుస్తకం ముట్టుకోకూడదని, చేతులు కడుక్కుని, సంచి తీసి సీటు మీద పెట్టి, నువ్వు నెట్టడం మరిచావనుకుని పిడి లోపలికి నెట్టాకే పని మొదలుపెట్టేవాణ్ణి. అయ్యాక మళ్ళీ చేతులు కడుక్కుని, ఎక్కడ ఉన్నదాన్ని అక్కడే తగిలించేవాణ్ణి. నా తెలివి తెల్లారినట్టే ఉంది చెల్లెమ్మా!"

నవ్వాడు. నేనూ నవ్వబోయాను. అంతలో చేతిలో రెంచీ కింద పెట్టి, నెమ్మదిగా అడిగాడు.

"బండి కోసం కంగారుపడి నువ్వేదో అన్నావు, సరే. వాడెలా నమ్మాడమ్మా?"

అక్కడ నిలబడలేక వచ్చేశాను.

బండి ఇప్పుడు రెండో తిప్పుకే అందుకుంటోంది. సంచి నా ఒళ్ళో పెట్టుకుంటున్నాను. కానీ ప్రార్థనకు కూర్చుంటే మొదటి వాక్యం దాటడం లేదు. లేచి వాకిట్లోకి వెళ్తాను, మళ్ళీ వచ్చి కూర్చుంటాను. నన్ను ఎంత తిట్టినా పడతాను.

దీనితోపాటు ఇంకో కవరు పెడుతున్నాను. దాని మీద షెడ్డు చిరునామా రాసి, స్టాంపు కూడా అంటించాను. లోపల పెట్టాల్సిన కాగితం మాత్రం నేను రాసేది కాదు.

ఇట్లు,
ఆ కవరు ఎప్పుడు చేరుతుందా అని షెడ్డు వైపే చూస్తూ ఉండే
మీ ఇల్లాలు