క్యామ్‌షాఫ్ట్ విషయంలో ఇక చెవి మాట వినను

మార్చి 3, ఆదివారం
ఉదయం 8:00. బామ్మర్ది ట్రక్కు కడిగాను. మూడేళ్లుగా ఆదివారాలన్నీ ఇంతే. ఏటా జరిగే ట్రక్కుల పరుగు పోటీలో ఓడినవాడు గెలిచినవాడి బండి ఏడాదంతా కడగాలని పందెం కాసింది నేనే. నా నోటికి తాళం లేదు.
"బావా, చక్రాల లోపల కూడా" అన్నాడు, కుర్చీలోంచి లేవకుండా.
24న మళ్లీ పోటీ. ఈసారి నా ట్రక్కుకి, ఇంజన్‌కి అదనపు ఊపునిచ్చే నైట్రస్ గ్యాస్ సిలిండర్ బిగించాను! దానికి తగిన క్యామ్‌షాఫ్ట్, అంటే ఇంజన్ వాల్వులను తెరిచి మూసే ఇరుసు, ఎంచుకోవడమే మిగిలింది. ఇంజన్ చప్పుడూ దాన్ని బట్టే. ప్రతిసారీ ఇంజన్ చప్పుడుకి మురిసిపోయి క్యామ్ కొంటాను, బోల్తా పడతాను.
తీర్మానం: లెక్కతోనే క్యామ్. చెవితో కాదు. ఒట్టు!

మార్చి 4
లేత్ మేస్త్రీ చెప్పింది రాసుకున్నాను: "గ్యాస్ కొడితే పొగ ఎక్కువ పుడుతుంది బాబూ. అది పోయే వాల్వు ఎక్కువసేపు తెరుచుకోవాలి. గాలి వచ్చే వాల్వూ, పొగ పోయే వాల్వూ ఒకేసారి తెరిచుండటం మాత్రం తగ్గాలి. లేదంటే గ్యాసంతా ఊరికే సైలెన్సర్లోంచి పోతుంది."
లెక్క కట్టి ఒక క్యామ్ ఇచ్చాడు. నేను మారిన మనిషిని!

మార్చి 9, శనివారం
మేస్త్రీ క్యామ్ బిగించి స్టార్ట్ చేశాను. కుట్టుమిషన్ చప్పుడు.
"ఏమండీ, స్టార్ట్ అవలేదా?" అంది మా ఆవిడ వంటింట్లోంచి.
ఫర్వాలేదు. లెక్క ముఖ్యం.

మార్చి 12
మధ్యాహ్నం 3:40. వీధి చివర ఎవరిదో ట్రక్కు ఆగింది. గుడగుడ... గుడ్... గుడగుడ! ఒళ్లు పులకరించింది. అందులో ఏ క్యామ్ ఉందో అడిగాను. తెలుసుకోవడం తప్పు కాదు.

మార్చి 14
అదే క్యామ్ తెచ్చాను. పోల్చి చూడటానికి మాత్రమే.

మార్చి 16
పోల్చాలంటే బిగించాలి కదా. బిగించే ముందు పిస్టన్ మీద మెత్తటి మట్టి పెట్టి ఇంజన్‌ను చేత్తో తిప్పాలి. వాల్వు ఎంత దగ్గరికొస్తుందో మట్టి మీద అచ్చు పడుతుంది. మట్టి లేదు. అమ్మాయి బడి కోసం చేసుకున్న బంకమట్టి ఏనుగు ఉంది. తొండం మటుకే తీసుకున్నాను.
వాల్వుకీ పిస్టన్‌కీ మధ్య ఖాళీ సరిపోయింది!
సాయంత్రం 5:00. "నాన్నా, నా ఏనుగుకి తొండమేది?"
"ఇది ఎలుగుబంటమ్మా."
ఏడ్చింది. పోటీలో గీత ముందు దాటితే కొత్త తొండం చేసిస్తానన్నాను.

మార్చి 17
గుడగుడ... గుడ్... గుడగుడ!! నా ట్రక్కే!
"ఏమండీ, గిన్నెలు పడుతున్నాయి!" ఆహా!
మేస్త్రీకి ఫోన్లో వినిపించాను.
"ఇంజన్ అలా తడబడితే గాలి పీల్చే బలం తగ్గుతుంది బాబూ. బ్రేకుకి ఊతం ఆ బలమే. బండి ఆగదు."
"ఆగడంతో నాకేం పని మేస్త్రీ గారూ? నాది పరుగు పోటీ!"
లెక్క కాగితం కనబడలేదు. వెతకలేదు.

మార్చి 24
10:05. జనమంతా నా ట్రక్కు చుట్టూ! బామ్మర్ది ముఖం మాడిపోయింది.
10:20. గీత దగ్గర నిలబడ్డాం. బ్రేకు తొక్కాను. బండి కదిలింది. గట్టిగా తొక్కాను. రెండు కాళ్లతో తొక్కాను. పచ్చదీపం వెలగకముందే ట్రక్కు షికారుకి బయలుదేరినట్టు గీత దాటేసింది. పోటీలోంచి తీసేశారు. గ్యాస్ మీట నొక్కనేలేదు. సిలిండర్ నిండుగా ఇంటికొచ్చింది.
"చప్పుడు మాత్రం నీదే బావా."
ఏడుపొచ్చింది. కొంచెం ఏడ్చాను కూడా.
"నాన్నా, గీత ముందు నువ్వే దాటావుగా! నా తొండం ఇయ్యి" అంది అమ్మాయి. చేసిచ్చాను.

మార్చి 31, ఆదివారం
8:00. బామ్మర్ది ట్రక్కు కడిగాను. చక్రాల లోపల కూడా.
9:30. కొత్త తీర్మానం: లెక్కతోనే క్యామ్! ఈసారి పక్కా ఏర్పాటు. అమ్మాయిని రెండు ముద్దలు బంకమట్టి అడిగాను. అనుమానంగా చూసి, ఏనుగు చెవులు రెండూ పీకి ఇచ్చింది. నా చెవుల్లో కుక్కుకున్నాను.
సాయంత్రం 5:00. మేస్త్రీ క్యామ్ మళ్లీ బిగించి స్టార్ట్ చేశాను. ఏమీ వినబడలేదు. బ్రేకు పట్టింది. ఎంత హాయిగా ఉందో!
5:20. వీధి చివర ఏదో ట్రక్కు ఆగింది. ఎడమ చెవిలో మట్టి కాస్త వదులైనట్టుంది.