గోడ మీద నా నీడ

అక్కా,

నేను కులాసా. మోకాలి నొప్పి తగ్గింది. బావకి కంటి కట్టు విప్పారా?

"ఇన్నేళ్ళు కెమెరా పట్టుకుని ఒక్క సినిమాలోనూ కనపడవేంట్రా" అని దెప్పుతుంటావుగా, ఈ ఆఖరి సినిమాలో కనపడతాను. నిన్న తల్లి వేషం వేసినావిడ దీపంతో నా వెనకనుంచి గదిలోకి నడుస్తుంటే, నా నీడ ఎదుటి గోడ మీద పడింది. డైరెక్టరు, "సార్, మీ నీడ పడింది, ఇంకోసారి తీద్దామా?" అన్నాడు. ఎవరి నీడ పడినా ఇంతెత్తున లేచేవాణ్ణి, "ఉండనీ బాబూ" అన్నాను. చిన్నప్పుడు కరెంటు పోతే నువ్వు లాంతరు ముందు వేళ్ళు ముడిచి గోడ మీద కుందేలుని గెంతించేదానివి, నేను అన్నం తినడం మరిచిపోయేవాణ్ణి. నా చదువంతా ఆ గోడ మీదే అయింది.

ఆ లాంతరు ఉంటే పాత సామాన్ల వాడికి వెయ్యకు. పిల్లల నెత్తిన నా చెయ్యి పెట్టానని చెప్పు. బావ కట్టు విప్పాకే ఇద్దరూ కలిసి సినిమాకి వెళ్ళండి. హాల్లో ఎవరైనా కెమెరావాడి తప్పని నవ్వితే పోట్లాటకి దిగకు. ఆ వంగిన వీపు నీ తమ్ముడిదని నీకు తెలిస్తే చాలు.

తమ్ముడు