చదివాక టిక్కు పెట్టండి

ఏమండీ, స్టవ్ వెలిగించకండి. కాఫీ ఫ్లాస్కులో ఉంది. సాయంత్రం మాత్రలు అమ్మాయి వచ్చి ఇచ్చేదాకా ముట్టుకోకండి. మృదుల ఆఫీసు నుంచి బయల్దేరి ట్రైన్ ఎక్కింది.

నాకు గుండెల్లో పట్టేసినట్టుంది, ఎడమచెయ్యి లాగేస్తోంది. 911కి ఫోన్ చేశాను. మీరు పక్కింటాయనతో వాకింగ్ నుంచి వచ్చేసరికి నేను హాస్పిటల్లో ఉంటాను. కారు తీసి నా వెనకాల రావద్దు, మీకు దణ్ణం పెడతాను.

ఈ నొప్పేమిటని మూడు రోజులుగా మిమ్మల్నే అడుగుతున్నాను. మూడుసార్లూ మొదటిసారి విన్నట్టే విని, "గ్యాసే, మజ్జిగ తాగు" అన్నారు. నలభై ఏళ్ళు గుండె డాక్టరుగా చేసిన మనిషి కదా అని నమ్మాను. బైపాస్ అయిన దగ్గర్నుంచీ మీకు మతిమరుపని తెలిసీ నమ్మాను. తప్పు నాదే. మీ మీద కోపం లేదు. అబద్ధం, ఉంది.

అంబులెన్స్ వచ్చేసింది.

సుభాషిణి

ఈ చీటీ ఫ్రిజ్ మీద నుంచి తియ్యకండి. చదివినప్పుడల్లా కింద ఒక టిక్కు పెట్టండి. ముందే టిక్కులుంటే, ఇందాకే కంగారుపడ్డారన్నమాట. మళ్ళీ కొత్తగా భయపడకండి.