జోలపాట కట్టింది ఎవరు

క్యారీ నుంచి,
14 మే 2009, గురువారం

పొద్దుటి నుంచి చేసినవి: రెండు విడతల బట్టలు ఉతికి మడతపెట్టాను. ఇడ్లీకి రుబ్బాను. కార్‌కి ఆయిల్ మార్పించాను. కరెంటు బిల్లు కట్టాను. మెంతికూర మడికి నీళ్లు పెట్టాను. వంటింటి గట్టు తుడిచి ఇప్పుడే కూర్చున్నాను.

అమ్మకు వసుమతి నమస్కారాలు. ఇక్కడ మేం ముగ్గురం బాగున్నాం. నేపర్‌విల్‌లో తమ్ముడి ఇంట్లో నువ్వూ నాన్నగారూ కులాసాగా ఉన్నారని నీ ఉత్తరం చూసి స్థిమితపడ్డాను. ఫోన్ చేయవచ్చు కదా అంటావేమో. తమ్ముడి ఇంట్లో ఫోన్ ఎప్పుడూ స్పీకర్‌లోనే ఉంటుంది. ఇది నువ్వొక్కదానివే చదవవలసిన సంగతి. చివరిదాకా చదివి, తర్వాత తిట్టు.

ముందు నీ ప్రశ్నలు. ఆవకాయలో నూనె పైకి తేలింది. సాన్వి వేళ్లకు బాంజో తీగలు నొక్కీ నొక్కీ కొసలు కాయలు కాశాయి కానీ నొప్పి లేదు. "ఆడపిల్ల వేళ్లు అలా ఉంటే ఎలాగే" అన్న నీ మాట దానికి చదివి వినిపించాను. "అమ్మమ్మకి చెప్పు, ఇవి నా మెడల్స్" అంది.

సాన్వి వాయించే తెల్లపిల్లల బ్యాండ్‌కి మన పాట ఎందుకని అడిగావు. యాభై ఏళ్ల కిందట ఈ దేశంలో పట్నాల్లో చదువుకునే పిల్లలకు ఉన్నట్టుండి పల్లెపాటల మీద మనసు పోయిందట. టేప్ రికార్డర్లు పట్టుకుని ఇక్కడి కొండల్లోకి వచ్చి, ముసలివాళ్ల వరండాల్లో కూర్చుని నేర్చుకున్నారు. ఆ పాటలు రేడియోకెక్కాయి, హక్కుల కోసం నడిచిన ఊరేగింపుల్లోకి వెళ్లాయి. ఆ గాలి ఇంకా తగ్గలేదు. ఎవరి ఇంటి పాటలు వాళ్లను వెతుక్కోమని పిల్లలకు ఇప్పటికీ చెబుతారు. సాన్వికి బాంజో నేర్పే వాల్టర్ గారు ఆనాటి కుర్రాళ్లలో ఒకరు. ఇప్పుడు డెబ్బై నిండాయి. శనివారం ఆయన ఇంట్లో అందరూ గుండ్రంగా కూర్చుని వాయిస్తారు. పాట ఎత్తుకునే ముందు దాన్ని ఎవరి దగ్గర నేర్చుకున్నారో చెప్పి తీరాలి. చెప్పకపోతే ఆయన తీగల మీద అరచెయ్యి వేసి ఆపేస్తారు.

"మా అమ్మమ్మ నుంచి అమ్మకి, అమ్మ నుంచి నాకు" అని చెప్పి సాన్వి అక్కడే నీ జోలపాట పాడింది.

జోజో పాపాయి, నాన్న రాడమ్మా
పేకముక్కల కొలువు వీడలేడమ్మా
ఏడవకు పాపాయి, నిద్రపోవమ్మా
తెల్లవారేలోగా తిరిగొస్తాడమ్మా

అందరికీ నచ్చి, బ్యాండ్ వాళ్లు తెస్తున్న సీడీలో చేర్చారు. అట్ట మీద నీ పాట పక్కన 'ట్రెడిషనల్' అని రాశారు. కట్టినవారెవరో తెలియని పాత పాట అని అర్థం. అమ్మమ్మ పాడిందంటే పాతదే అయి ఉంటుందని వాళ్లు అనుకున్నారు. నేను నోరు విప్పలేదు. "ఆ పాట నేను కట్టానని ఎవరికీ చెప్పకు, మీ నాన్న ఆట మానేసి నలభై ఏళ్లయింది, మనవరాలి కచేరీలో ముందు వరుసలో కూర్చుని తన భాగోతం తనే వినాలా" అని నువ్వు రాశావు కదా. వచ్చే నెల కచేరీకి మీరిద్దరూ వస్తున్నారు. నీ భయం నాకూ పట్టుకుంది.

శనివారం వాల్టర్ గారు అట్ట చూసి, ఈ పాట మీ అమ్మగారికి ఎవరు నేర్పారని నన్ను అడిగారు. నేను మాట తప్పించాను. ఆయన కుర్రతనంలో కొండల్లో ఒక ముసలావిడ దగ్గర విన్న పాటను రికార్డు చేసి 'ట్రెడిషనల్' అని వేయించారట. తర్వాత ఒక కచేరీలో వెనక వరుసలోంచి ఒకాయన లేచి, "అది మా అమ్మ కట్టింది, మా చెల్లెలు పోయినప్పుడు" అన్నాడట. అప్పటికి ఆవిడ లేదు. ఇంతే చెప్పి అట్ట నా చేతిలో పెట్టారు.

తిరుగుదారిలో సాన్వి వదల్లేదు.

"అమ్మా, నువ్వేదో దాస్తున్నావ్."

"రోడ్డు చూసి డ్రైవ్ చెయ్యి."

"అమ్మమ్మకి ఎవరు నేర్పారు?"

"నాకు తెలీదు."

"ఓకే. సో, నీకు తెలుసు."

అట్ట గురువారం పొద్దున్నే ప్రింట్‌కి వెళ్లాలన్నారు. ఒకసారి అచ్చయితే నీ పాట ఎవరిదీ కాకుండా పోతుంది. చెబితే ఇన్నేళ్ల తర్వాత నాన్నగారి పరువు పోతుంది.

ఇక దాచను. నిన్న నువ్వూ మరదలు విజయశ్రీ గుడికి వెళ్లిన వేళ చూసి నాన్నగారికి ఫోన్ చేశాను. నీ మాట దాటాను.

"స్పీకర్ ఆపండి నాన్నగారూ."

"నేనొక్కణ్ణేగా ఉన్నది. గోడలు వింటే నీకేమిటే?"

పాట చదివాను. అమ్మ కట్టిందని చెప్పాను. లైన్ కట్టయిందేమో, ఆయన ఎక్కడైనా కూలబడ్డారేమో అని ఫోన్ చెవికి అదుముకున్నాను.

"తప్పు చదివావు," అన్నారు.

"ఏది?"

"ఆఖరిది. తిరిగొస్తాడని కాదు. 'తెల్లవారినా సరే తలుపు తీయనమ్మా' అని పాడేది. చెప్పులు చేత్తో పట్టుకుని గుమ్మం అవతలే నిలబడి వినేవాణ్ణి. నేను ఆట మానేశాక మార్చినట్టుంది."

నేను అడిగాను.

"తలుపు తీసేదా?"

"పాట అయ్యాక తీసేది. మీ అమ్మ పేరు వేయించు. కచేరీలో ఆ పాత చరణమే పాడమను పిల్లని. ఎవరి దగ్గర నేర్చుకున్నావంటే తాతయ్య దగ్గరని చెప్పమను."

ఈ మాటలు నీకు ఆయన చెప్పరు. చెప్పే పని నాకే అప్పగించారు. సాయంత్రం సాన్వికి అంతా చెప్పాను. అది 'ట్రెడిషనల్' కొట్టేసి, 'రాజేశ్వరమ్మ' అని రాసి, సరిగ్గా ఉందా అని నాకు చూపించింది. ఈ పొద్దున అట్ట వెళ్లిపోయింది. కోపం వస్తే నన్నే అను. నాన్నగారిని మాత్రం ఏమీ అనకు.

ఇట్లు,
నీ కూతురు
వసుమతి

నీకు బాకీ పడ్డ పేరు నేటితో చెల్లు.