బెరడు నేల మీద వెచ్చని అడుగులు

బెంగళూరు,
ఆదివారం.

ప్రియమైన అక్కకు,

ప్రభువు దయవల్ల నేనిక్కడ క్షేమం. నువ్వు, బావగారు, అత్తయ్యగారు ఎలా ఉన్నారు? అత్తయ్యగారి మోకాళ్ళ నొప్పి తగ్గిందా? నర్సీపట్నంలో ఎండలు మండిపోతున్నాయట, ఇక్కడ సాయంత్రానికి చల్లబడుతుంది. సాంబారులో కూడా బెల్లం వేస్తారు, అదొక్కటే నాకు కష్టం. ఈ సంగతి ఫోనులో చెబుదామంటే నువ్వు స్పీకరు పెడతావు, అత్తయ్యగారు విని కంగారుపడతారు. అందుకే రాస్తున్నాను.

నేను చూసుకునే అమ్మగారికి తుంటి ఎముక విరిగిందని చెప్పాను కదా. మళ్ళీ పడినా దెబ్బ తగలకూడదని కొడుకు ఇల్లంతా కార్కు నేల వేయించి విదేశం వెళ్ళాడు. సీసాకు పెట్టే బిరడా ఉంటుందే, అదే. చెట్టు కొట్టరట, బెరడు మాత్రం ఒలుస్తారట, అది మళ్ళీ పెరుగుతుందట. చలికి కాళ్ళు జివ్వుమనవు. మంచిదే. కానీ చప్పుడన్నది లేదు. మనింట్లో గచ్చు మీద గరిటె పడితే వీధి చివరకు వినిపిస్తుంది. ఇక్కడ మనిషి వచ్చి వెనకాల నిలబడినా తెలియదు.

పైగా ఈ నేల వేడిని పోనివ్వదు. ఎవరైనా కాసేపు నిలబడి వెళితే ఆ చోటు వెచ్చగానే ఉంటుంది. ఒక మధ్యాహ్నం అమ్మగారు నిద్రలో ఉండగా మంచం పక్కన అడుగు వేశాను. రెండు పాదాలంత మేర వెచ్చగా తగిలింది. ఇంట్లో మేమిద్దరమే. ఆవిడ లేవలేరు. పోయినేడు చనిపోయిన అయ్యగారి ఫోటో గోడ మీద ఉంది. అలాంటివి నమ్మకూడదని పాస్టరుగారు చెబుతారు, నాకూ తెలుసు. అయినా ప్రార్థన చేసుకుని, ఆవిడ మంచం పక్కన నేను పడుకునే చాప వంటగదిలోకి మార్చేశాను.

అక్కడే తప్పు చేశాను అక్కా. నాలుగో రోజు కాఫీ తీసుకెళితే ఆవిడ నేల మీద పడి ఉన్నారు. ఎంతసేపైందో. "ఏటమ్మగారూ, నన్నో కేక ఎయ్యకపోయారా" అని ఏడ్చాను. "పిలిచాను సువార్తా, నా గొంతు అక్కడిదాకా రాలేదు" అన్నారు. నాకు తెలియకుండా రోజూ మంచం దిగి నిలబడడం నేర్చుకుంటున్నారట. ఆ వెచ్చదనం ఆవిడదే. దెయ్యానికి భయపడి మనిషిని వదిలేశాను. సిగ్గుతో తలెత్తలేకపోయాను.

మొన్న నువ్వు "ఇక్కడ జీడిపిక్కలు ఒలిచే పనుందే, బేగొచ్చీ. ఆ ఊర్లో నీకేటుంది?" అన్నావు. వస్తానన్నాను. ఇప్పుడు రాలేను, కోప్పడకు. ఆసుపత్రిలో అమ్మగారి కాలికి కట్టు కట్టారు, రెండు నెలలు కదపకూడదట.

ఆసుపత్రి నుంచి వచ్చిన మర్నాడు మధ్యాహ్నం చాప మళ్ళీ మంచం పక్కకు తెచ్చాను. పరచబోతూ నేల మీద చెయ్యి ఆనించాను. రెండు పాదాలంత మేర వెచ్చగా ఉంది. అమ్మగారు పొద్దుటినుంచి మంచం దిగలేదు. నావైపే చూస్తున్నారు.

"ఆ చోటు వదిలి కొంచెం ఇవతలికి వేసుకో సువార్తా" అన్నారు.

జరిపి వేసుకున్నాను. భయం లేదని రాయను అక్కా. కానీ ఈసారి వంటగదిలోకి వెళ్ళను.

బావగారికి, అత్తయ్యగారికి నా వందనాలు. మీ ప్రార్థనల్లో నన్నూ, అమ్మగారినీ తలుచుకోండి.

నీ దీవెన కోరే చెల్లెలు,
సువార్త