శాంతి చెప్పుకునే వేళ

ఆదివారం రాత్రి

అన్నం ముందు కూర్చుని లేచిపోయాను.

పొద్దున చర్చిలో పూజప్పుడు ఫాదర్ ఎంత బాగా చెప్పారు! మనిషి ఒంటరిగా ఎదగలేడట. పక్కవాళ్ల మేలు వదిలేస్తే మనకూ మేలు లేదట. అందరూ తలలూపారు. మా ఆయన అందరికంటే ఎక్కువ ఊపాడు.

తర్వాత ఒకరికొకరు శాంతి చెప్పుకోమన్నారు. చేతులు జోడించి అటూ ఇటూ తిరిగాం. చివరి వరుసలో రోజమ్మ ఒక్కతే నిలబడి ఉంది. ఆమెవైపు ఒక్కరూ తిరగలేదు!

ఆమె మొగుడు వలల గొడవను పెద్దల దగ్గర పెట్టకుండా పోలీసు స్టేషనుకు పోయాడని ఊరు దురాయి వేసింది. ఆ ఇంటితో ఎవరూ మాట్లాడకూడదు, మాట్లాడినవాళ్లకూ అదే శిక్ష. వేసిన పెద్దల్లో మా ఆయనా ఉన్నాడు. కానీ అది చర్చి గడప కూడా దాటి వస్తుందని నేను కలలో కూడా అనుకోలేదు.

నేనే వెళ్లి చేతులు జోడించాను. రోజమ్మ తన చేతులు కొంగు కింద దాచుకుంది.

"నాకు చెప్పబాక అక్కా. నీకూ తగులుకుంటాది."

ఇంటికొచ్చి ఆయన్ని అడిగాను.

"అది ఊరి కట్టుబాటు, ఇది దేవుడి పని. రెండూ కలపబాక" అన్నాడు, చేపముల్లు తీసుకుంటూ.

ఇంత మామూలుగానా?

ఫాదర్‌కి చెప్పాలి. చెబితే రేపు నా గతి... ఫాదర్ ఊరికి కొత్త, దురాయి సంగతి తెలియదు. బలిపీఠం దగ్గర నుంచి చూస్తే మేమందరం చేతులు జోడించినట్టే కనబడి ఉంటుంది.