బావ నీళ్ళలో దిగిన ఆదివారం

మే 18, ఆదివారం

ఈ రోజు నుంచి చర్చి గుమ్మం దగ్గర నేను కూడా. ఆడవాళ్ళ వైపు నేను, మగవాళ్ళ వైపు బావ, గేటు బయట కో పీటర్. పక్క వీధి చర్చిలో ఎవడో దూరి బల్లలు విరగ్గొట్టాక మన పెద్దలకి భయం పట్టింది. పని తేలికే. వందనాలు చెప్పాలి. కొత్త ముఖమైతే ఎక్కడి నుంచి వచ్చారని అడిగి, లోపలికి తీసుకెళ్ళి కూర్చోబెట్టాలి. సంచి బరువుగా ఉంటే చూడాలి.

కో పీటర్ ఫోన్ల షాపు నడుపుతాడు; ఇక్కడ బర్మాలో మగవాళ్ళ పేరు ముందు 'కో' తగిలిస్తారు, అన్న అన్నట్టు. గుమ్మం పనికి వాడే నాయకుడు. "అక్కా, నవ్వాలి. పోలీసులా నిలబడితే జనం పారిపోతారు."

నవ్వు నాకు చేతకాదని వాడికింకా తెలీదు.

మే 20

బావ నడుముకి పిస్తోలు ఉంటుందట. మా అప్ప, అంటే మా అక్క, బావ పెళ్ళాం, చెప్పింది — ఆనపకాయ తరుగుతూ, కాయ ముదిరిందని చెప్పినట్టే చెప్పింది.

లత పేటలో బంగారం షాపుకి బావ కాపలా కదా. యజమాని లైసెన్సు ఇప్పించాడు, బావ పేరు మీదే. ఆదివారం షాపు మూత. ఇంట్లో పెడదామంటే మనవలు — ఏ మూతైనా తీస్తారు, ఏ అటకైనా ఎక్కుతారు. అందుకని ఒంటి మీదే ఉంచుకుని చర్చికొస్తాడు. పాస్టరు అయ్యగారికి తెలుసు. పెద్దలకి తెలుసు. ఇప్పుడు నాకూ.

భయం వేయలేదు. ధైర్యం వేసింది. ఉన్నది ఉన్నట్టు రాయాలి కదా.

మే 23

తామ్వే పేటకెళ్ళే బస్సు కోసం బావా, నేనూ. ఒకడు తోసుకుని ఎక్కుతూ బావని తిట్టాడు — మన రంగుని, మన తల్లుల్ని కలిపి. నది అవతల మా ఊళ్ళో ఉన్న రోజుల్లో ఇందులో సగం మాటకి బావ ఒకడి పన్ను రాలగొట్టాడు. ఈ రోజు తల దించి పక్కకి జరిగాడు. బస్సు పోయింది.

"ఏటి బావా, ముసిలోడివైపోనావా?"

"ఇది ఒంటిమీదున్నంతసేపు నాను ఎవుడితోనూ తగువాడకూడదే. ఓడిపోవాల. పెతీసారీ నానే ఓడిపోవాల."

చేతిలో తుపాకీ ఉన్నవాడు ఓడిపోవడం. జాకెట్టు కుడుతూ అదే మాట తలుచుకున్నాను. కుట్టు వంకర పోయింది. విప్పి మళ్ళీ కుట్టాను.

మే 25, ఆదివారం

బావ నిలబడే తీరు ఈ రోజే సరిగ్గా చూశాను. చొక్కా వదులు. ఎవరైనా కావలించుకోబోతే ఎడమ భుజమే ముందుకిస్తాడు. కుడి నడుము ఎవరికీ తగలనివ్వడు. గొంతు ఎత్తడు.

అప్పలనర్సమ్మ పెద్దమ్మ ఊరుకుంటుందా — "ఆడేటే, కొత్త పెళ్ళికూతురులాగ ఒల్లు దాసుకుంతాడు!"

వచ్చే ఆదివారం పెద్దమ్మకి బాప్తిస్మం. ఇన్నాళ్ళూ గుమ్మం బయట కూర్చునే విన్నది, ఇప్పుడు లోపలికొస్తానంది. ఈ వయసులో నీళ్ళలో మునుగుతావా అన్నాను.

"సచ్చేక ఎలాగూ కడుగుతారు. ముందే కడిగించుకుంతాను. అప్పుడైతే నాకు తెల్దు కదా!"

జూన్ 1, ఆదివారం

ఈ రోజుది రాయాలని లేదు. అయినా రాస్తాను.

ఉదయం నుంచి వాన. వేదిక కింద చెక్కలు ఎత్తి తొట్టి నింపారు. అయ్యగారికి నడుము నొప్పి. ముంచేది ఆయన, లేపేది బావ. ఎప్పుడూ అంతే. లైసెన్సు వచ్చాక ఇదే మొదటి బాప్తిస్మం — నీళ్ళలోకి దిగేటప్పుడు అది ఎక్కడ పెడతాడన్నది ఎవరికీ తోచలేదు. బావకి కూడా. పక్క గదిలో ఆడవాళ్ళు బట్టలు మార్చుకుంటున్నారు. పాట మొదలైపోయింది. అయ్యగారు అప్పటికే నీళ్ళలో ఉన్నారు.

బావ గుమ్మం చాటుకి వచ్చాడు. తువ్వాల్లో చుట్టి నా భుజం సంచిలో పెట్టాడు.

"తాకకు. దించకు. ఎవులికీ ఇయ్యకు."

"గుళ్ళున్నాయా?"

"ఉన్నాయి." తీసే వ్యవధి లేదు. వెళ్ళిపోయాడు.

కత్తిపీట కన్నా తేలికే. అయినా భుజం ఒక పక్కకి వాలిపోయింది.

పెద్దమ్మ తొట్టిలోకి దిగుతోంది. అందరి కళ్ళూ అటే. అప్పుడు గేటు దగ్గర కో పీటర్ కేక — ఒకతను వాణ్ణి తప్పించుకుని లోపలికి వచ్చేశాడు. బర్మా మనిషి. ఒళ్ళంతా తడి, వట్టి కాళ్ళు. రెండు చేతులూ చొక్కా కింద, పొట్ట దగ్గర. ఏదో పట్టుకుని ఉన్నాడు. నన్ను చూడలేదు. నడవలో నేరుగా ముందుకు.

నా చెయ్యి సంచిలోకి వెళ్ళింది. నేను పంపలేదు. అదే వెళ్ళింది. తువ్వాలు తొలగింది. చల్లగా తగిలింది. పట్టుకుంది.

పెద్దమ్మ నీళ్ళలోంచి లేచింది. బావ రెండు చేతులూ పైకెత్తి అరిచాడు — "సేతులెత్తండి! అందరూ సేతులెత్తండి! తోత్రం!"

అందరూ ఎత్తారు. నేనూ ఎత్తాను. నా చెయ్యి ఖాళీగా బయటికొచ్చింది.

ఆ మనిషి చుట్టూ చూశాడు. మాట అర్థం కాలేదు. అందరూ ఎత్తారని తనూ ఎత్తాడు. చొక్కా కింద నుంచి రబ్బరు చెప్పులు జారి నేల మీద పడ్డాయి. అంతే. చెప్పులు.

కూడలిలో సైనికులు కుర్రాళ్ళని ఆపి, బలవంతంగా సైన్యంలో చేర్చడానికి లారీ ఎక్కిస్తున్నారట. చెప్పులతో పరుగు సాగలేదు. తీసి చొక్కాలో దోపుకున్నాడు. తెరిచి ఉన్న తలుపు ఇదే.

కో పీటర్ బర్మా మాటలో "యాబాదే, యాబాదే" — పర్లేదు, పర్లేదు — అంటూ భుజం తట్టి, బాప్తిస్మానికి తెచ్చిన తువ్వాలు కప్పి కూర్చోబెట్టాడు. పాట ఆగలేదు.

జూన్ 2

బియ్యం కడుగుతూ చేతినే చూస్తున్నాను. అదే చెయ్యి.

బావ నీళ్ళలోంచి నన్ను చూశాడు. అంత దూరం నుంచి! నా పేరు పెట్టి పిలిచి ఉంటే — బయటికి లాగేదాన్ని. వద్దని అరిచినా లాగేదాన్ని. పేరెత్తలేదు. సంఘం మొత్తాన్ని దేవుడి ముందు చేతులెత్తించాడు, అందులో నాదీ లేచింది. ఆ క్షణంలో మనిషికి అది ఎలా తోస్తుంది? ఏడో తరగతి చదివినవాడికి. పంపు కింద బియ్యం పొర్లిపోతున్నాయి... చూసుకోలేదు.

జూన్ 5

బావ తనే పెద్దల దగ్గరికి వెళ్ళి చెప్పాడట — గుళ్ళతో ఉన్నది చేతులు మార్చాను, తప్పు నాది, గుమ్మం నుంచి తీసేయండి అని. నా చేతి సంగతి చెప్పలేదు. నన్ను కాచాడు.

జూన్ 6

కో పీటర్ వచ్చాడు, మొహమంతా నవ్వు. బావని తీయరట. "ఏమీ జరగలేదు కదా అక్కా! అంత గొడవలోనూ సంచి నీ దగ్గర భద్రంగా ఉంది. బావ దిగినప్పుడల్లా నువ్వే పట్టుకో. ఆయన నేర్పిస్తాడు."

"లైసెన్సు నాది కాదు."

"చర్చి లోపలేగా!"

ఆదివారం ఆరాధన అయ్యాక పెద్దల ముందు సరే అనాలట.

జూన్ 7

మధ్యాహ్నం అప్ప ఇంట్లో భోజనం. అప్ప నీళ్ళకి కిందికి వెళ్ళినప్పుడు అడిగాను.

"బావా, ఆవేళ నా సెయ్యి సూసి భలే పని సేసినావు."

"ఏ సెయ్యి?"

"సంచిలోది. అందుకే కదా సేతులెత్తమన్నావు."

అన్నం కలపడం ఆపాడు. "పెద్దమ్మ నవ్వుతా లెగిసిందే. నీలల్లోంచి, సిన్నపిల్లలాగ. నాకు ఒల్లు జల్లుమంది. కళ్ళనిండా నీలు. గుమ్మమే కనబళ్ళేదు నాకు."

చూడలేదు. ఎవరూ చూడలేదు.

నా కంచం పక్కకి జరిపాను.

"ఎందాకా ఎల్లింది?" అన్నాడు.

"పట్టుకున్నాను. వేలు కూడా..."

బావ కంచంలోనే చెయ్యి కడిగేశాడు.

"పెద్దలకి ఇది సెప్తే నీ లైసెన్సు పోద్ది, ఉద్యోగం పోద్ది కదా?" అన్నాను.

"పోద్ది."

"సెప్పొద్దా మరి?"

"నానన్నానేటి అలాగ?"

అప్ప బిందెతో పైకొచ్చింది. కంచం వైపు చూసి, "ఏటయింది మీకు? కూర బాగోనేదా?" అంది. ఇద్దరం బాగుందన్నాం.

జూన్ 8, ఆదివారం

తెల్లారింది. వాన తెరిపిచ్చింది.

చీర కట్టుకున్నాను. కిటికీలోంచి చూస్తే వీధిలో బావ నిలబడి ఉన్నాడు, పైకి చూస్తూ. ప్రతి ఆదివారం కేకేస్తాడు — ఓలె రత్నం, వస్తావా, బస్సెల్లిపోతాది అని. ఇవాళ పిలవడం లేదు. పెద్దలకి చెప్పమనీ అనడు, వద్దనీ అనడు.

నేనే దిగాలి.